ఇంటి ప్రింటర్ పాఠాలు - 5: కంపెనీ ఇంకు కొనాల్నా, బయటి ఇంకు పోయాల్నా

పోయిన పాఠంల పేజీకి ఎంత పడ్తదో లెక్క తీసుడు చెప్పిన. దాని తర్వాత వచ్చిన మెసేజులు చూసి, ఈసారి అనుకున్న ఫోటో పేపర్ పాఠం పక్కకు పెట్టిన. మిర్యాలగూడ నుంచి ఒకాయన ఎప్సన్ ట్యాంక్ ప్రింటర్ల (బాటిల్‌తోని ఇంకు పోసుకునేది) కంపెనీ ఇంకు సగం ఉండంగనే, బయటిది అగ్గువ పడ్తదని లెక్కతోని తేల్చుకొని దాని మీదనే పోసిండు, ఇప్పుడు అక్షరాలు తెగి తెగి వస్తున్నయట. వనపర్తిల ఒక టీచరమ్మ ఉన్నరు, వాళ్ళది కార్ట్రిడ్జి ప్రింటరు (ఇంకు నిండిన డబ్బీ పెట్టేది), "ఒరిజినల్ తప్ప ఏది పెట్టినా మిషన్ ఖరాబైతదన్నరు సార్" అని భయపడి అయిపోయినప్పుడల్ల కొత్త కార్ట్రిడ్జే కొంటున్నరు. ఆయన లెక్క కరెక్టే గాని, ఇద్దరి నిర్ణయమూ ఉల్టా. ఆయన కంపెనీ ఇంకు ఉంచుకోవాల్సింది, ఆమె రీఫిల్ చేయించుకోవాల్సింది. ఎందుకో చెప్త.

ఇంకు ఏది అని అడిగే ముందు హెడ్ ఎక్కడుంది అని అడగాలె. కాయితం మీద ఇంకు చుక్క ఏసేది హెడ్డే, మిగతాదంత పైపులూ మోటార్లే. హెచ్‌పీ 803, 682, కెనాన్ 745 ఇట్లాంటి కార్ట్రిడ్జిలల్ల హెడ్ కార్ట్రిడ్జికే అతికి ఉంటది, కింద రాగి రంగుల మెరిసే పట్టీ కనిపిస్తది చూడుండ్రి. అంటే ఖరాబు ఇంకు పోస్తే పోయేది ఆ కార్ట్రిడ్జే, ఎట్లాగూ పడేసేదే. ఎప్సన్ ట్యాంక్ ప్రింటర్లల్ల అట్ల కాదు, హెడ్ మిషన్ల పర్మనెంట్‌గ ఉంటది, అది జామ్ అయ్యి మార్చాల్సి వస్తే ఆ ఖర్చుకు చాలామంది కొత్త ప్రింటరే చూస్కుంటరు. కెనాన్ జీ సిరీస్, హెచ్‌పీ ట్యాంక్ ప్రింటర్లు ఈ రెండిటికి నడుమ, వాటి హెడ్లు విడిగ దొరుకుతయి, మనమే తీసి పెట్టుకోవచ్చు.

ఇప్పుడు లెక్క. ఎప్సన్ 003 నల్ల బాటిల్ 65 ఎంఎల్, కంపెనీ చెప్పేది 4,500 పేజీలు. ధర 400 అనుకుందాం, పేజీకి 9 పైసలు. బయటిది అంతే ఇంకు 150కి వచ్చిందనుకుందాం, 3 పైసల చిల్లర. ఇంట్ల సంవత్సరానికి వెయ్యి పేజీలు కొడ్తరనుకుంటే మిగిలేది 55 రూపాయలు. ఆ 55 కోసం హెడ్డును పణంగ పెడ్తున్నం. అదే కార్ట్రిడ్జి 900 పెట్టి కొంటే, డబ్బా మీద 200 పేజీలు అని ఉంటే, పేజీకి నాలుగున్నర రూపాయలు, వెయ్యి పేజీలకు 4,500. ఇక్కడ రీఫిల్‌కు పోతే మస్తు మిగుల్తది, పోయేది ఏమన్న ఉంటే ఒక్క కార్ట్రిడ్జి. శాతంల చూస్తే రెండు చోట్లా బయటిదే అగ్గువ, అందుకే శాతం చూడొద్దు, సంవత్సరానికి చేతిల ఎన్ని రూపాయలు మిగిలినయో చూడుండ్రి. ఇంకొకటి, డబ్బా మీది పేజీలు ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) నమూనా పేజీల మీద లెక్కేసినవి, మన పిల్లల ప్రాజెక్టు బొమ్మలు గనుక కొడ్తే అన్ని రావు. కొత్త ట్యాంక్ ప్రింటర్‌కు మొదటి సెట్టు కూడ తక్కువే వస్తది, పైపులు నిండేటందుకే కొంత పోతది.

ఉత్త నల్లది కొట్టేటోళ్ళకు, పాస్‌బుక్కు జిరాక్సులు, అప్లికేషన్లు, నోట్సు, ఇంతే పని ఉంటే నా ఓటు లేజర్‌కే, 12ఏ టోనర్ (లేజర్ల ఇంకు బదులుండే పొడి) నల్లగొండల్నో పాలమూరుల్నో ఎక్కడైన నింపుతరు. అది ఇక్కడితోని ఆపుత.

ఇగ యూనివర్సల్ ఇంకు. దీని గురించి వచ్చినన్ని ప్రశ్నలు దేని గురించీ రాలే. బాటిల్ మీద ఎప్సన్, కెనాన్, హెచ్‌పీ, బ్రదర్ అన్నిటికీ పనికొస్తదని రాసి ఉంటది. నేనైతే దాన్ని ట్యాంక్ ప్రింటర్ దగ్గరికి రానియ్య. ఎందుకంటే ఎప్సన్, బ్రదర్ హెడ్లు కరెంటు తగిలితే వంగే చిన్న ముక్కతోని ఇంకును నెడ్తయి, అక్కడ వేడి ఉండదు. కెనాన్, హెచ్‌పీ హెడ్లు ఇంకును ఒక్క క్షణంల వేడి చేసి బుడగ లేపుతయి, ఆ బుడగ చుక్కను తోస్తది. ఈ వేడికి తట్టుకునేటట్టు కలిపిన ఇంకు వేరు, వేడి లేని హెడ్డుకు కలిపిన ఇంకు వేరు. తట్టుకోని ఇంకు పోస్తే వేడి చేసే చోట మడ్డి పేరుకుంటది, మెల్లమెల్లగ చుక్క చిన్నగైతది, ప్రింట్ పాలిపోతది, మనమేమో ఇంకు అయిపోయిందనుకొని ఇంకింత పోస్తం.

అది సగం సంగతే. రెండోది డై, పిగ్మెంట్. డై అంటే రంగు నీళ్ళల్ల పూర్తిగ కరిగి ఉంటది. పిగ్మెంట్ల రంగు కరగదు, సన్నటి పొడి రేణువులు ద్రవంల తేలుతుంటయి, పులుసుల చింతపండు గుజ్జు లెక్క, కదలకుండ పెడ్తే కిందికి దిగుతది. కెనాన్ 790 బాటిల్లల్ల నల్లది పిగ్మెంట్, మూడు రంగులు డై. హెచ్‌పీ జీటీ బాటిల్లు గూడ అంతే. ఎప్సన్ పాత 664ల నాలుగూ డై. ఎప్సన్ 001ల మళ్ళ నల్లది పిగ్మెంట్. అంటే కంపెనీ ఒకటే అయినా మోడల్ మారితే నల్లది మారుతది! డై కోసం చేసిన హెడ్డుల పిగ్మెంట్ పోస్తే నాజిల్లు (ఇంకు చుక్క బయటికొచ్చే సన్నటి రంధ్రాలు) మూసుకుంటయి, రెండూ ట్యాంకుల కలిస్తే కొన్నిసార్లు గడ్డలు గడ్తయి. ఉల్టా పోస్తే, అంటే పిగ్మెంట్ జాగల డై పోస్తే, హెడ్ బతుకుతది గాని ప్రింటు నీళ్ళకు ఆగదు, వానకాలంల తడిచేతితోని హాల్ టికెట్ పట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోతయి. నలుగురు నాలుగు రకాల నల్లది వాడుతుంటే ఒక్క బాటిల్ అందరికీ ఎట్ల సరిపోతది? మీ మోడల్ నంబరు రాసి, నల్లది డైనా పిగ్మెంటా అని రాసి, ఏ బాటిల్ బదులు వాడాల్నో రాసిన ఇంకు అయితేనే చేతిల పట్టుకోవుండ్రి. అది రాయని బాటిల్ షెల్ఫులనే ఉండనియ్యుండ్రి. షాపాయనకు తెల్వకపోతే, సికింద్రాబాద్ పోయేటోళ్ళుంటే అక్కడి సీటీసీల (కంప్యూటర్ షాపుల కాంప్లెక్సు) అడగమని చెప్పుండ్రి.

మిర్యాలగూడ ఆయనకు: ఇప్పుడు హెడ్ క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టకుండ్రి. ప్రతి క్లీనింగుకు ఇంకు లోపలి వేస్ట్ ప్యాడులకు (వృథా ఇంకు పీల్చుకునే మెత్తకు) పోతది, అది నిండితే మిషన్ మొత్తానికే ఆగుతది. ఒక్క క్లీనింగు, ఒక్క నాజిల్ చెక్ (ఏ నాజిల్ మూసుకుందో చూపే గీతల పేజీ), రాత్రంత వదిలేసి పొద్దున మళ్ళ నాజిల్ చెక్. తెగిన గీతలు తక్కువైతే దారిల పడ్డట్టే. ఎవరూ బోరు నీళ్ళతోని హెడ్ తుడవొద్దు, మన దిక్కు నీళ్ళల్ల ఉప్పు ఎంతుంటదో బకెట్లు చూస్తేనే తెలుస్తది, ఆ తెల్లపొర నాజిల్ల పడితే ఇగ రాదు. ఇన్వర్టర్ బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు.

వనపర్తి మేడంకు: రీఫిల్ చేయించండి, కానీ కార్ట్రిడ్జి పూర్తిగ ఎండక ముందే. హెడ్ ఇంకుతోనే చల్లబడ్తది, ఖాళీగ కొడ్తుంటే కాలిపోతది. రీఫిల్ అయినంక వాడిన కార్ట్రిడ్జి అని మెసేజ్ వస్తే ఓకే కొట్టండి, లెవెల్ చూపించదు, అంతే. హెచ్‌పీ సాఫ్ట్‌వేర్‌ల కార్ట్రిడ్జి ప్రొటెక్షన్ అని ఉంటది, అది ఆన్ ఉంటే ఆ కార్ట్రిడ్జి ఇంకో మిషన్ల పని చేయదు, దాన్ని ముందే ఆఫ్ చేయండి. చిప్ ఉన్న విడి కార్ట్రిడ్జిల మోడల్లకు ఇంకో కిరికిరి, ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తోని బయటి చిప్పులను ఆపేస్తరు, 2016 సెప్టెంబర్‌ల హెచ్‌పీ ఆఫీస్‌జెట్లకు అట్లనే అయ్యింది. హెచ్‌పీ ప్లస్ (కంపెనీ ఇంకే వాడుతమని ఒప్పుకునే స్కీము) ఒప్పుకొని సెటప్ చేసినోళ్ళకు బయటిది నడవదు, అది సెటప్ అప్పుడే చూసుకోవాలె. రీఫిల్ చేస్తే తప్పు గాదా అని ఒకరు అడిగిండ్రు. తప్పేం గాదు, కొన్న కార్ట్రిడ్జి మీద పేటెంట్ హక్కు అమ్మకంతోనే అయిపోతదని అమెరికా సుప్రీంకోర్టే 2017ల లెక్స్‌మార్క్ కేసుల చెప్పింది. కాని వారంటీ వేరే సంగతి, బయటి ఇంకుతోని వచ్చిన ఖరాబును కంపెనీలు బాగు చేయవు, వారంటీ ఉన్నన్ని రోజులు ట్యాంకుల కంపెనీదే.

అన్నిటికంటే పాపం కంపెనీ పేరు పెట్టిన నకిలీది. సొంత పేరుతోని అమ్మే బయటి ఇంకు నిజం చెప్పి అమ్ముతది. నకిలీది ఒరిజినల్ ధర తీసుకొని లోపల ఏం పోసిండో తెల్వకుండ అమ్ముతది. బిల్లు ఇయ్యనోళ్ళ దగ్గర కంపెనీ ఇంకు కొనకుండ్రి.

అభ్యాసం. మీ ప్రింటర్ల నల్లది, రంగులు కలిపి ఒక పేజీ కొట్టుండ్రి, ఒకవైపు వాడిన కాయితమైనా సరే. ఆరినంక ఒక మూలకు నీటి చుక్క వేసి నల్లది పారుతదా ఆగుతదా చూసి, డైనా పిగ్మెంటా రాసుకోండ్రి. తర్వాత సగం పేజీ అట్టతోని మూసి ఎండ పడే కిటికీకి నెల రోజులు అతికియ్యుండ్రి, అట్ట తీస్తే మీ ఇంకు ఎంత వెలిసిపోతదో కనిపిస్తది. ఈ నెలంత వారానికోసారి నాజిల్ చెక్ కొట్టి తారీఖేసి దాచుండ్రి, ఎండకాలంల వాడకుండ వదిలిన ప్రింటరే మొదలు ఎండుతది. ఫోటో పేపర్ పాఠంల ఆ పేజీలతోనే పని ఉంది, పారేయకుండ్రి.