ఎన్నికల ముందు వాట్సాప్ గ్రూపుల్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

నోటిఫికేషన్ పడగానే ఊరి గ్రూపుల తీరు మారిపోతుంది. మొన్నటిదాకా కరెంటు కోతలు, పింఛన్ల కబుర్లు నడిచిన చోటే అభ్యర్థి ఇంటి ఆడవాళ్ల మీద మార్ఫింగ్ ఫొటోలు, కొత్త తారీఖు తగిలించుకున్న పాత వీడియోలు దిగుతాయి. తయారు చేసినవాడు ఎక్కడో ఉంటాడు. పంపినవాడి నంబరు మాత్రం గ్రూపులో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

'నేను రాయలేదు, వచ్చింది పంపానంతే' అన్న మాటను నమ్ముకోకండి. తమిళనాడు నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి. శేఖర్ 2018లో మహిళా జర్నలిస్టులను కించపరిచే పోస్టు ఒకటి ఫేస్‌బుక్‌లో షేర్ చేశారు. తర్వాత తొలగించి క్షమాపణ కూడా చెప్పారు. కంట్లో మందు వేసుకోవడం వల్ల అందులో ఏముందో చదవలేదని ఆయన లాయరు సుప్రీంకోర్టులో చెప్పారు. అయినా 2023 ఆగస్టులో కోర్టు కేసు కొట్టేయలేదు. 2024 ఫిబ్రవరిలో చెన్నైలోని ప్రత్యేక కోర్టు నెల రోజుల జైలు, 15 వేల రూపాయల జరిమానా విధించింది. తీసేయడం, క్షమాపణ చెప్పడం మంచివే, కానీ వాటితో కేసు పోదు.

పంపే ముందు రెండు బాణాల గుర్తు ఉందేమో చూడండి. అది ఉంటే ఆ మెసేజ్ మీ దాకా రావడానికి కనీసం ఐదు చేతులు మారిందని అర్థం. అందుకే వాట్సాప్ దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. పేపర్ కటింగ్ అయితే ఆ తేదీ ఈ-పేపర్‌లో, అదే జిల్లా ఎడిషన్‌లో వెతకండి. టీవీ బ్రేకింగ్ ప్లేటు అయితే ఆ ఛానెల్ సొంత యూట్యూబ్ పేజీలో ఉందో లేదో చూడండి. వీడియో అయితే మధ్యలో ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేయండి. వేరే రాష్ట్రంలో ఎప్పుడో జరిగిన గొడవ మన మండలానిదిగా తిరుగుతుంటే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

సొంతంగా రాసేటప్పుడు మనిషిని వదిలి పనిని పట్టుకోండి. 'సీసీ రోడ్డు ఆరు నెలలకే పగిలింది, పని కొలతలు రాసే ఎం-బుక్ చూపించండి' అన్నది విమర్శ. 'సర్పంచ్ కమీషన్ తిన్నాడు' అన్నది ఆరోపణ, దాన్ని రుజువు చేయాల్సిన భారం మీ మీదే పడుతుంది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టానికి రెండేళ్ల వరకు శిక్ష ఉంది. నిజమైతే చాలని అనుకుంటారు గానీ, అది ప్రజల మేలు కోసం చెప్పిందై కూడా ఉండాలి. కులాల మధ్య, మతాల మధ్య చిచ్చు పెట్టే రాతలకు 196వ సెక్షన్, మూడేళ్ల వరకు. ఆడవాళ్ల మీద అసభ్య రాతలకు 79వ సెక్షన్, బొమ్మలో అశ్లీలం ఉంటే ఐటీ చట్టం 67 కూడా. అభ్యంతరకరమైన ఆన్‌లైన్ రాతలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసిన మాట నిజమే. దాంతో మిగతా సెక్షన్లు పోలేదు.

గ్రూపులో వేరేవాళ్లు పెట్టినదానికి అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అయినా విచారణకు పోలీసులు ముందు పిలిచేది అడ్మిన్‌నే కావచ్చు. కౌంటింగ్ అయ్యేదాకా 'అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు' అని సెట్ చేయడం మేలు. ఎవరో ఒకరు అలుగుతారు, అలగనివ్వండి. టీచర్లు, సచివాలయ సిబ్బంది పార్టీ పోస్టులకు లైకు కొట్టే ముందు కూడా ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిని గుర్తు పెట్టుకోవాలి. పోలింగ్ రోజు ఓటు వేస్తూ ఈవీఎం ఫొటో తీయడం, దాన్ని స్టేటస్‌లో పెట్టడం అసలే వద్దు.

తప్పుడు మెసేజ్ వెళ్లిపోతే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయవచ్చు, రెండున్నర రోజుల్లోపు 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' చేయవచ్చు. కంగారులో చాలామంది 'డిలీట్ ఫర్ మీ' నొక్కేస్తారు. అప్పుడది మీ ఫోన్‌లో మాత్రమే పోతుంది, మిగతా అందరి దగ్గరా ఉంటుంది. కొన్ని క్షణాలపాటు కనిపించే 'అన్‌డూ' నొక్కి మళ్లీ సరిగా చేయండి. తర్వాత అదే గ్రూపులో 'ఇందాక నేను పంపింది తప్పు, ఎవరూ పంపకండి' అని రాయండి. అప్పటికే బయటికి వెళ్లిన కాపీలను ఎడిట్ గానీ డిలీట్ గానీ పట్టుకోలేదు.

పోలీసు నోటీసు వచ్చాక మాత్రం ఏదీ చెరపకండి, ఫోన్ రీసెట్ చేయకండి. సాక్ష్యం దొరక్కుండా చేయడానికి ఎలక్ట్రానిక్ రికార్డును చెరిపేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద వేరే నేరం, అసలు కేసు చిన్నదైనా ఇది మీద పడుతుంది. నోటీసు బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35(3) కిందిదైతే, అంటే పాత సీఆర్‌పీసీ 41ఎ లాంటిదైతే, చెప్పిన రోజున చెప్పిన సమయానికి హాజరుకండి. హాజరై సహకరిస్తున్నవాణ్ని అరెస్టు చేయాలంటే పోలీసులు కారణం రాతపూర్వకంగా చూపాలి. నోటీసులో ఏ సెక్షన్లు రాశారో వెళ్లేలోపే లాయరుకు చూపించండి. ఫోన్ తీసుకుంటే మోడల్, ఐఎంఈఐ నంబరు రాసిన స్వాధీన పత్రం కాపీ అడిగి తీసుకోండి.