గెటిస్‌బర్గ్ పాత ఫొటో కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

అమెరికా అంతర్యుద్ధం నాటి ఫొటోలు సేకరించేవాళ్లకు ఒక చిట్కా. పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ ఊరి స్టూడియోల్లో తీసిన చిన్న అట్ట ఫొటో (సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు) కంటపడితే బొమ్మ చూసి మురిసిపోకండి. ముందు వెనక్కి తిప్పండి. స్టూడియో పేరు సాధారణంగా అక్కడే ఉంటుంది. టైసన్ సోదరులనే ఫొటోగ్రాఫర్లైతే, 1863లో అక్కడ జరిగిన పోరుకు ముందు నుంచే ఊళ్లో ఉన్నవాళ్లు. టిప్టన్ అనే అతను ఈ సోదరుల దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడు. టిప్టన్, అతని భాగస్వామి మైయర్స్ పేర్లు జంటగా ఉంటే అది 1868లోనో ఆ తర్వాతో వచ్చిన ప్రింటు. టైసన్ల నెగటివ్‌లు టిప్టన్ చేతికొచ్చాయి కాబట్టి, అతని పేరున్న ప్రింటులోనూ పాత దృశ్యం ఉండొచ్చు.

అసలు మజా స్టాంపులో ఉంది. అంతర్యుద్ధం ఖర్చుల కోసం ప్రభుత్వం ఫొటోలకూ పన్ను వేసింది. 1864 సెప్టెంబరు నుంచి 1866 ఆగస్టు 1 దాకా అమ్మిన ఫొటోల వెనక రెవెన్యూ స్టాంపు అంటించి, పెన్నుతో గీతో పొడి అక్షరాలో తేదీయో రాసేవారు. ఆ సిరా స్టాంపు అంచు దాటి అట్ట మీదకీ పాకితే కాస్త నమ్మకం. శుభ్రంగా స్టాంపు మీదే ఆగిపోతే, తర్వాతెవరో అంటించారేమోనని ఆలోచించండి. స్టాంపు లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు.

చివరగా భూతద్దం పెట్టండి. బొమ్మంతా వరుస చుక్కలుగా కనిపిస్తే అది ప్రెస్సులో అచ్చేసిన కాపీ, బేరమాడటం కూడా దండగ.