తుపాన్ల నెలలు రాకముందే: నెమ్మది నెట్‌తో ఆర్చ్ లినక్స్ నడిపేవాళ్లకు జాగ్రత్తలు

ఒడిశాలోని గుణుపురంలో ఒక నెట్ సెంటర్‌లో ఆర్చ్ లినక్స్ (విండోస్ లాంటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే కంప్యూటర్ మొన్న సరిగ్గా దరఖాస్తుల ఆఖరి రోజున మూలపడింది. కొత్త ప్రింటర్ పెట్టిన కుర్రాడు దానికి కావలసిన ప్యాకేజీ (సాఫ్ట్‌వేర్ మూట) ఒక్కటే వేద్దామనుకున్నాడు. మొత్తం అప్‌డేట్ చేయాలంటే రెండు జీబీ దిగాలి, ఫోన్‌లో ఆ పూటకు మిగిలింది మూడొందల ఎంబీ. దాంతో ఆర్చ్‌లో ప్యాకేజీలు ఎక్కించే పాక్‌మాన్ అనే ప్రోగ్రాముకు ‘-ఎస్‌వై’ (-Sy) ఇచ్చి ఆ ప్యాకేజీ పేరు కొట్టాడు. ప్రింటర్ కాసేపు బాగానే పనిచేసింది. తర్వాత బ్రౌజర్ మూసి మళ్లీ తెరిస్తే తెరుచుకోలేదు. టెర్మినల్‌లో చూస్తే ఫలానా లైబ్రరీ (చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్) ఫైలు దొరకలేదని ఒక్కటే వరుస. బయట బెంచీ మీద సర్టిఫికెట్ల కవర్లు పట్టుకుని జనం కూర్చుని ఉన్నారు.

పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా మన వైపు ఆర్చ్, దాని మీదే కట్టిన మంజారో నడిపేవాళ్లు కొందరున్నారు. వాళ్ల మెషీన్లు పాడవగా నేను చూసినవి దాదాపు అన్నీ ఈ ఒక్క తప్పుతోనే. బ్యాకప్ తీసుకోండి, పాస్‌వర్డ్ జాగ్రత్త లాంటివి మళ్లీ చెప్పను, అవి మీకు తెలుసు.

‘యు’ లేకుండా ‘వై’ వద్దు

‘ఎస్’ అంటే సర్వర్ నుంచి ప్యాకేజీ వేయడం. ‘వై’ అంటే సర్వర్ నుంచి ఇవాళ్టి ప్యాకేజీల జాబితా తెచ్చుకోవడం. ‘యు’ అంటే ఆ జాబితా ప్రకారం మెషీన్‌లోని ప్యాకేజీలన్నిటినీ కొత్తవి చేయడం. జాబితా ఇవాళ్టిదై, మెషీన్ రెండు నెలల కిందటిదైతే, మీరు వేసే ఒక్క ప్యాకేజీ తనకు కావలసిన కొత్త లైబ్రరీని వెంట తెస్తుంది. పాత లైబ్రరీ పోతుంది. దాని మీద ఆధారపడ్డ పాత ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి. 2022 నవంబరులో ఆర్చ్‌లోకి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 (నెట్ రాకపోకలను భద్రంగా ఉంచే లైబ్రరీ) వచ్చినప్పుడు సగం అప్‌డేట్ అయిన మెషీన్లలో పాక్‌మాన్ కూడా లేవలేదు, అదీ ఆ లైబ్రరీని వాడుకునేదే గనక. బాగుచేసుకోవడానికి చేతిలో ఉన్నదే పోతే ఇక పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయడమే.

నెమ్మది నెట్ ఉన్నవాళ్లకు ఇంకో గొయ్యి ఉంది. చాలామంది తెలియక పడేది ఇందులోనే. మీరు బుద్ధిగా ‘-ఎస్‌వైయు’ అనే ఇచ్చారు. జాబితా దిగింది. ప్యాకేజీలు దిగుతుండగా సిగ్నల్ పోయింది, లేదా 1.8 జీబీ అని చూసి ‘నో’ కొట్టారు. మెషీన్‌లో ఏమీ మారలేదని మీ ధీమా. కానీ జాబితా మారిపోయింది! ఇప్పుడు మామూలుగా ‘-ఎస్’ అని ఏ ఒక్క ప్యాకేజీ వేసినా గుణుపురంలో జరిగిందే జరుగుతుంది. మొదలుపెట్టిన ‘-ఎస్‌వైయు’ పూర్తయ్యేదాకా ఇంకే ప్యాకేజీ జోలికీ పోకండి.

అయినా ఒక్క ప్యాకేజీ అర్జంటుగా కావాలి, డేటా లేదు, అప్పుడెలా? ఆర్చ్ పాత ప్యాకేజీలను తేదీలవారీగా తన ఆర్కైవ్‌లో దాచి ఉంచుతుంది. మీరు చివరిసారి పూర్తిగా అప్‌డేట్ చేసిన తేదీ పాక్‌మాన్ లాగ్‌లో ఉంటుంది. ఆ తర్వాత జాబితా మారకుండా ఉంటే, మిర్రర్ లిస్టులో (ప్యాకేజీలు దిగే సర్వర్ల చిరునామాల ఫైలులో) ఆ తేదీ ఆర్కైవ్ చిరునామా పెట్టి, జాబితాను ముట్టుకోకుండా ‘-ఎస్’ ఇవ్వండి. ఆ రోజు ఫోల్డర్‌లో ఫైలు లేకపోతే మర్నాటిది చూడండి. మెషీన్ వయసూ ప్యాకేజీ వయసూ ఒకటే కాబట్టి గొడవ ఉండదు. పని అయ్యాక మిర్రర్‌ను తిరిగి మామూలు చేయడం మరవకండి.

దించుకోవడం

రెండు ఎంబీపీఎస్ లైన్ మీద రెండు జీబీ దిగడానికి రెండు గంటల పైనే పడుతుంది, అదీ లైన్ నిలకడగా ఉంటే. కాబట్టి దించడం, ఎక్కించడం వేరు చేయండి. పాక్‌మాన్-కాంట్రిబ్ ప్యాకేజీలో ‘చెక్‌అప్‌డేట్స్’ అనే కమాండ్ ఉంది. దానికి ‘-డి’ ఇస్తే అసలు జాబితాను కదపకుండా వేరే జాబితా పెట్టుకుని, కొత్త ప్యాకేజీలను కాష్‌లోకి (దించిన ప్యాకేజీలు ఉండే ఫోల్డర్‌లోకి) దించిపెడుతుంది. రాత్రిళ్లు విడతలుగా దించండి. అంతా వచ్చాక ఒకేసారి ‘-ఎస్‌వైయు’. అప్పటికి దిగాల్సింది కొద్దిగానే మిగులుతుంది.

పాక్‌మాన్ కాన్ఫిగ్‌లో ప్యారలల్ డౌన్‌లోడ్స్ 1కి తగ్గించండి. సన్నటి లైన్‌ను ఐదు ఫైళ్లు పంచుకుంటే ఐదూ సగంలో తెగుతాయి. పది సెకన్లు డేటా రాకపోతే పాక్‌మాన్ డౌన్‌లోడ్ వదిలేస్తుంది, కాబట్టి డిజేబుల్ డౌన్‌లోడ్ టైమౌట్ కూడా పెట్టండి.

ఎక్కించడం

కరెంటు నమ్మకంగా ఉన్నప్పుడే చేయండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండాక, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మారేటప్పుడు, బూట్‌కు కావలసిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు తయారయ్యే ఆ కొద్ది సేపట్లో కరెంటు పోతే మెషీన్ బూట్ కాకపోవచ్చు. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరులో గజపతి జిల్లాలో స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. 2021లో గులాబ్ సెప్టెంబరు చివర్లోనే వచ్చింది. వాయుగుండం అని వార్త వచ్చిన రోజున అప్‌డేట్ ముట్టుకోవద్దు.

కెర్నల్ మారాక వెంటనే రీస్టార్ట్ చేయండి. నడుస్తున్న పాత కెర్నల్ మాడ్యూళ్లు (పరికరాలను నడిపే ముక్కలు) డిస్క్ మీద ఉండవు. అప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపితే నెట్ రాకపోవచ్చు. నెట్ పాడైందనుకుని సెట్టింగులన్నీ కెలికి ఉన్నదీ చెడగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇక మిగతావి వరసగా చెప్తున్నా, వినండి.

అప్‌డేట్‌కు ముందు ఆర్చ్ వార్తల పేజీ చదవండి. 2025 జూన్‌లో లినక్స్-ఫర్మ్‌వేర్ (వైఫై లాంటి పరికరాలకు కావలసిన ఫైళ్లు) ప్యాకేజీని ముందు తీసేసి, తర్వాత కొత్తది వేయమన్నారు. మంచి నెట్ ఉన్నవాడికి అది ఐదు నిమిషాల పని. మనకు తీసేశాక దిగడానికి గంటలు, ఈలోగా కరెంటు పోయి మెషీన్ మళ్లీ లేస్తే వైఫైకి ఫర్మ్‌వేర్ ఉండదు. ఇలాంటివి వచ్చినప్పుడు ముందు దించండి, ఆ తర్వాతే తీయండి.

డేటా మిగలాలని పెద్ద ప్యాకేజీలను ఇగ్నోర్ లిస్టులో (అప్‌డేట్ చేయవద్దని చెప్పే జాబితాలో) పెట్టవద్దు. అదీ సగం అప్‌డేటే. వాడనివి తీసేయండి.

ఎల్‌టీఎస్ కెర్నల్ (ఎక్కువ కాలం మద్దతుండేది) కూడా పక్కన వేసి ఉంచండి, మామూలు కెర్నల్ లేవకపోతే దానితో బూట్ చేయొచ్చు.

కాష్ మొత్తం ఊడ్చే ‘-ఎస్‌సీసీ’ వద్దు. వెనక్కి వెళ్లాలంటే పాత ప్యాకేజీలు అక్కడే ఉంటాయి.

నెలల తర్వాత అప్‌డేట్ చేస్తే కీ సంతకాల ఎర్రర్ (ప్యాకేజీ అసలైనదేనని తేల్చుకోలేకపోవడం) రావచ్చు. అప్పుడు ‘-ఎస్‌వై’తో ఆ కీలుండే ఆర్చ్‌లినక్స్-కీరింగ్ ప్యాకేజీ వేసి, ఆ వెంటనే, అదే కూర్చోవడంలో ‘-ఎస్‌యు’ పూర్తి చేయాలి. ‘యు’ లేకుండా ‘వై’ వద్దన్న మాటకు మినహాయింపు ఇదొక్కటే. మిగతావి ముందే కాష్‌లో లేకపోతే దీన్నీ మొదలుపెట్టకండి.

లాక్ ఫైలు (ఒకేసారి రెండు పాక్‌మాన్‌లు నడవకుండా ఆపేది) ఉందంటే ముందు పాక్‌మాన్ నడుస్తోందేమో చూడండి. నడుస్తుండగా దాన్ని చెరపకండి.

స్నేహితుడి మెషీన్ నుంచి పెన్‌డ్రైవ్‌లో ప్యాకేజీలు తెచ్చుకుంటే జాబితా ఫోల్డర్ కూడా తెచ్చుకోండి. తెచ్చాక ఏరుకుని ఒకటీ రెండూ వేయకండి. ‘-ఎస్‌యు’, మొత్తం.

భయపడి ఏడాది పాటు అప్‌డేట్ మానేయకండి. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్యాకేజీలో దొంగదారి (బ్యాక్‌డోర్) బయటపడ్డప్పుడు ఆర్చ్ వెంటనే కొత్తది ఇచ్చింది, అప్‌డేట్ చేసినవాళ్లకే అది అందింది.

ఆర్చ్ ఐఎస్‌ఓ (పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసే ఫైలు) నెలనెలా వస్తుంది, ఒక జీబీ పైనే. సెప్టెంబరులోపే ఒకటి దించి పెన్‌డ్రైవ్‌లో రాసి, దానితో మీ మెషీన్ బూట్ అవుతుందో లేదో ఇప్పుడే చూడండి. మీ డిస్క్‌ను మౌంట్ చేసి, ఆర్చ్-క్రూట్‌తో (పెన్‌డ్రైవ్ నుంచే మీ సిస్టమ్‌లోకి దూరే కమాండ్‌తో) లోపలికి వెళ్లే వరుస కాగితం మీద రాసి పెట్టుకోండి. తుపానులో మెషీన్ మూలపడ్డ రోజున ఫోన్‌కు సిగ్నల్ ఉండకపోవచ్చు.

నెట్ సెంటర్ నడిపేవాళ్లు దరఖాస్తుల ఆఖరి వారంలో ఏ ప్యాకేజీ వేయకండి. ప్రింటర్ కొత్తదైనా సరే, పీడీఎఫ్ ఇచ్చి పక్క షాపులో ప్రింట్ తీయించండి.