కాలికి రాడ్ వేశాక ఇంట్లో రక్తప్రసరణ ఎలా గమనించాలి?

నేను బెంగళూరులో ఆర్థో వార్డు నర్సును. డిశ్చార్జ్ రోజున మన తెలుగువాళ్లు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అనే అడుగుతారు. వేళ్లు ఎలా చూడాలని ఎవరూ అడగరు. మొదటి వారం నా భయమంతా ఆ వేళ్ల గురించే.

ముందు మెట్టెలు, వెండి పట్టీలు తీసేయండి. ఆపరేషన్‌కు ముందు తీయించినా, ఇంటికి రాగానే మళ్లీ పెట్టేస్తుంటారు. వేలు వాస్తే మెట్టె చర్మంలోకి దిగిపోతుంది, కత్తిరించాల్సి వస్తుంది. గోళ్ల రంగు కూడా తుడిచేయండి.

ఇప్పుడు బొటనవేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు 2 సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు చల్లగా ఉన్నాయా? రెండో కాలితో పోల్చండి. పేషెంటును కళ్లు మూసుకోమని, ఏ వేలు తాకారో చెప్పమనండి. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య సందులో తప్పకుండా తాకండి. లోపల ఒత్తిడి పెరిగితే ముందుగా స్పర్శ తగ్గే చోట్లలో అదొకటి. వేళ్లు ఆడించమనండి. మెలకువగా ఉన్నంతసేపు 4 గంటలకోసారి ఇలా చూడండి.

పడుకున్నప్పుడు కాలు గుండె కంటే కాస్త ఎత్తులో ఉండాలి. మోకాలి కింద మాత్రమే దిండు పెట్టొద్దు. పిక్క పొడవునా ఆనాలి, మడమకు ఏదీ తగలకూడదు. డాక్టర్ ఒప్పుకుంటే గంటకోసారి పాదాన్ని పదిసార్లు పైకీ కిందికీ ఆడించాలి.

మాత్ర వేసినా నొప్పి పెరుగుతోందా? వేళ్లను మెల్లగా పైకి వంచితే కేక పెడుతున్నారా? అది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ కావచ్చు, అంటే కాలి కండరాల లోపల ఒత్తిడి పెరిగి వాటికి రక్తం అందకపోవడం. కొన్ని గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. వేళ్లు వెచ్చగానే ఉన్నాయి కదా, తెల్లారాక చూద్దాం అనుకోకండి. కాలిని గుండె మట్టానికి దించి, ఐస్ పెట్టకుండా, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమకొద్దీ నూనె రాసి పిక్కలు పడతామంటారు. దయచేసి ఆపండి. పిక్క వాచి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పి అంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. మర్దనాతో ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. గడ్డకట్టకుండా పొట్టకు ఇచ్చే ఇంజెక్షన్ రాసి ఉంటే ఒక్క రోజూ మానకండి, వేసిన చోట రుద్దకండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.

ఇక్కడి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో తెలుగు తెలిసినవాళ్లు ఉండకపోవచ్చు. నొప్పికి 'నోవు', వాపుకు 'ఊత', తిమ్మిరికి 'జోము'. ఈ మూడు కన్నడ మాటలు కాగితం మీద రాసి మంచం పక్కన అంటించుకోండి.