మానవసహిత మిషన్ ప్రాజెక్టు: లోపం ఎక్కడ, సరిచేయడం ఎలా

ఉద్దానంలో హైస్కూల్ పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెబుతాను. సైన్స్ ఫెయిర్ వచ్చిందంటే ఎవరో ఒకరు మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే మన గగన్‌యాన్ మోడల్ చేస్తారు. రాకెట్ అందంగా వస్తుంది. "ఏదైనా చెడిపోతే?" అని అడిగితే మాత్రం చార్టులో జవాబు ఉండదు. తరచూ కనిపించే లోపాలు ఇవి.

లక్షణం: ఒక్క గ్రాము కూడా మిగలకుండా లెక్క తేలుతుంది.

మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. ముగ్గురికి 3 రోజులకు 7.56 కిలోలు. సిలిండర్ పక్కన పిల్లలు సరిగ్గా అంతే రాస్తారు.

కారణం: అనుకున్న రోజునే దిగిపోతారన్న నమ్మకం. ఆ రోజు సముద్రం అల్లకల్లోలంగా ఉంటే? వేటకెళ్లే మా తీరంవాళ్లు డీజిల్ కాస్త ఎక్కువే పోయించుకుంటారు.

ఏం చేయాలి: ఆలస్యమయ్యే రోజులు కలపాలి. అదీ ఒక్కో వస్తువుకీ విడివిడిగా. 1970 ఏప్రిల్‌లో చంద్రుడి దగ్గరికి బయల్దేరిన అమెరికా నౌక అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలాక, చంద్రుడి మీద దిగడానికి ఇద్దరి కోసం చేసిన ల్యూనార్ మాడ్యూల్‌లో ముగ్గురు తలదాచుకున్నారు. ఆక్సిజన్ సరిపోయింది. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే డబ్బాలు చాలలేదు. ప్రధాన క్యాబిన్ అయిన కమాండ్ మాడ్యూల్‌లో డబ్బాలున్నాయి కానీ అవి చతురస్రం, ఇక్కడి అమరిక గుండ్రం. ప్లాస్టిక్ సంచి, అట్ట, టేపు, సూట్ గొట్టాలతో వాటిని అతికించుకుని బయటపడ్డారు. అందుకే ఇంకో ప్రశ్న కూడా రాయిస్తాను: ఇక్కడి డబ్బా అక్కడ పడుతుందా?

లక్షణం: ఒకటి పోగానే రెండోదీ పోతుంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఒకటి చెడితే ఇంకోటి ఉంటుందని మా నాన్న తోటలో రెండు మోటార్లు వేయించారు. స్తంభాలు పడ్డాక రెండూ ఒకేసారి ఆగిపోయాయి. వీధి చివరి చేతి బోరింగే మా అందరికీ నీళ్లిచ్చింది.

కారణం: రెండూ ఒకే కరెంటు మీద బతకడం. అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ బూస్టర్ జాయింటులో కూడా వేడి వాయువు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు రెండున్నాయి. 1986 జనవరి 28న ఒకే చలికి రెండూ బిగుసుకుపోయాయి. ఏడుగురు పోయారు. అంతకుముందే కొన్ని ప్రయాణాల్లో రింగులు కాలి అరిగాయి. మూడో వంతే అరిగింది కాబట్టి ఇంకా మూడు రెట్లు భద్రత ఉందని నాసా అధికారులు వాదించారు. అసలు అరగనే కూడని రింగు అది! దర్యాప్తు నివేదికకు రాసిన అనుబంధంలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ వాదనను తప్పుపట్టారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఏం చేయాలి: ప్రతి ఏర్పాటు పక్కన "దీన్ని ఏది ఆపగలదు?" అని రాయించండి. రెండింటి పక్కనా ఒకే మాట వస్తే, రెండోదాన్ని లెక్కలోంచి కొట్టేయించండి.

లక్షణం: తప్పించుకునే దారి ఒక్కటే గీశారు.

ప్రమాదం వస్తే క్యాప్సూల్‌ను రాకెట్ నుంచి లాగేసే ఎస్కేప్ టవర్‌ను రాకెట్ కొనమీద గీసి వదిలేస్తారు.

కారణం: అది కొద్దిసేపే ఉంటుందని తెలియకపోవడం. తిత్లీ కొట్టిన రోజు మధ్యాహ్నమే రష్యా నౌక సోయుజ్ ఎంఎస్-10 ఇద్దరితో కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి లేచింది. కరెంటు లేక మాకా కబురు చాలా ఆలస్యంగా తెలిసింది. రెండు నిమిషాలకు ఒక బూస్టర్ సరిగా విడిపోక మధ్య రాకెట్‌ను గుద్దింది. బిగించేటప్పుడు ఒక చిన్న సెన్సర్ వంగిపోవడమే మూలం. టవర్‌ను అప్పటికే వదిలేశారు. ముక్కు కవచానికి ఉన్న మోటార్లే క్యాప్సూల్‌ను లాగేశాయి. అందులోని ఇద్దరు వ్యోమగాములు ఓవ్‌చినిన్, హేగ్ క్షేమంగా నేలకు దిగారు.

ఏం చేయాలి: చార్టును సమయాన్నిబట్టి గళ్లు చేయించండి: ప్యాడ్ మీద, టవర్ ఉన్నంతసేపు, అది పోయాక, కక్ష్యలో, దిగేటప్పుడు. ప్రయోగం ఆపేయడానికి కూడా ఒక గడి ఉండాలి. 2023 అక్టోబర్ 21న శ్రీహరికోటలో, మనుషులు లేకుండా చేసిన గగన్‌యాన్ ఎస్కేప్ పరీక్షను 5 సెకన్ల ముందు కంప్యూటర్ ఆపేసింది. లోపం సరిచేసి అదే ఉదయం 10 గంటలకు ఎగరేశారు. ఏ గడైనా ఖాళీగా కనిపిస్తే రంగులు పక్కన పెట్టించి, ముందు అది నింపించండి.