ప్యానెల్ మంచిదే, కంట్రోలరే సరిపోలేదు

అనంతపురం దగ్గర మా తోటలో షెడ్డుకు కరెంటు లైను లేదు. 330 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి, 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి పెట్టుకున్నాం. అయినా రాత్రి పదకొండుకల్లా ఫ్యాన్ ఆగిపోయేది. నెల రోజులు ప్యానెల్ తుడిచాను, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోశాను. లాభం లేదు.

చివరికి ఎండ మిటమిటలాడే వేళ మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీకి వెళ్తున్నది ఎనిమిదిన్నర ఆంపియర్లే. 13 వోల్టులతో గుణిస్తే 110 వాట్లు! ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్‌ను అదుపు చేసేది కంట్రోలర్. షాపతను అంటగట్టింది అందులో పీడబ్ల్యూఎం రకం. అది ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. మా ప్యానెల్ పూర్తి పవర్ ఇచ్చేదేమో 37 వోల్టుల దగ్గర. తక్కువ వోల్టేజీ ఇచ్చే 36 సెల్లుల చిన్న ప్యానెలైతే అదే కంట్రోలర్ చక్కగా సరిపోయేది.

330ని 13తో భాగిస్తే 25 ఆంపియర్లు, అందుకని 30 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ తెచ్చాను. ఇది ప్యానెల్‌ను పూర్తి పవర్ ఇచ్చే వోల్టేజీ దగ్గరే నడిపి, ఆ పవర్‌ను బ్యాటరీ వోల్టేజీకి మార్చి ఇస్తుంది. (పైన ఎంపీపీటీ అని స్టిక్కర్, లోపల పీడబ్ల్యూఎం ఉన్న చవక సరుకూ దొరుకుతుంది. మరీ తేలిగ్గా ఉంటే అనుమానించండి.) నేను తెచ్చింది ప్యానెల్ వైపు నుంచి 100 వోల్టుల దాకా తట్టుకుంటుంది. ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (దేనికీ కలపనప్పుడు ఉండే వోల్టేజీ) 46 కాబట్టి టెన్షన్ లేదు. ముందు బ్యాటరీ వైర్లు బిగించి, ఆ తర్వాతే ప్యానెల్‌వి కలిపాను.

ఇప్పుడు మధ్యాహ్నం 20 ఆంపియర్లు వస్తున్నాయి. ఫ్యాన్ తెల్లారేదాకా తిరుగుతోంది.