మీ కంచం మీరే వేరు పెట్టుకోకండి

హెచ్‌ఐవీ ఉన్నట్టు తెలిసిన తరువాత కొన్ని ఇళ్లలో కంచం, గ్లాసు, దుప్పటి వేరు చేసేది ఇంట్లోవారు కారు, పరీక్ష ఫలితం అందుకున్న వ్యక్తే. బంతి భోజనాలకు వెళ్లడం మానేస్తారు, పసిబిడ్డను ఎత్తుకోమంటే ఏదో సాకు చెబుతారు. లోకం వేయకముందే తమకు తాము వేసుకున్న ఈ వెలిని తొలగించుకునే పనిని కంచం దగ్గరే మొదలుపెట్టాలి.

ఆ ఫలితం వచ్చాక మీరు మానేసిన పనులన్నిటినీ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కదానివల్ల వైరస్ సోకుతుందో లేదో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్‌ను అడిగి దాని ఎదురుగా రాసుకోండి. కలిసి తినడం, ఒకే మరుగుదొడ్డి వాడడం, పిల్లలను ముద్దాడడం వంటి వాటి ఎదుట ‘సోకదు’ అనే ఉంటుంది. వాటిలో తేలికగా తోచినదాన్ని ఈ వారమే మళ్లీ చేయండి. విషయం తెలిసినంత మాత్రాన వెనుకాడే చేయి ముందుకు రాదు.

తరువాత, రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ నివేదికను చదవడం నేర్చుకోండి. చికిత్స మొదలైన 6 నెలలకు ఈ పరీక్ష చేస్తారు. మందులు క్రమం తప్పక వాడుతూ, మిల్లీలీటరు రక్తంలో వైరస్ 200 ప్రతుల లోపే నిలిచి ఉన్నవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి అది సోకదు. నా వల్ల ఎవరికి ఏమవుతుందోనన్న బెంగకు ఊరడింపు మాటలకంటే ఈ అంకెనే నమ్ముకోమంటాను. ఈ హామీ సూదులు పంచుకోవడానికి వర్తించదు. తల్లిపాల విషయం వైద్యులతోనే నిర్ణయించుకోవాలి.

పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో మందుల డబ్బా ఎవరి కంటైనా పడుతుందేమోనని మాత్ర మానడం అన్నిటికన్నా ఖరీదైన మొహమాటం. అది దేనికి వాడే మాత్రో చెప్పవలసిన బాధ్యత మీకు లేదు.

ఎవరికి చెప్పాలన్నది మీ ఇష్టం. కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప, మీ స్థితిని వెల్లడించమని ఎవరూ నిర్బంధించరాదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. భాగస్వామి విషయం వేరు. వారికి సోకకుండా చూసే బాధ్యత మీపై ఉన్నందున, ఎలా చెప్పాలో కౌన్సెలర్‌తో ముందుగా మాట్లాడుకోండి. ఎవరికి చెప్పినా ‘ఎలా వచ్చింది?’ అన్న ప్రశ్న వస్తుంది. ‘అది చెప్పదలచుకోలేదు, రోజూ మందు వేసుకుంటున్నాను, బాగున్నాను’ అనే మాటను ముందే సిద్ధం చేసుకోండి. ‘నా తప్పేమీ లేదు, రక్తం ఎక్కించినప్పుడు వచ్చింది’ అని సంజాయిషీ ఇవ్వాలనిపించడం సహజమే కాని, ఆ మాటతో వేరే దారిన సోకినవారిని తప్పు చేసినవారిగా మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

ఉద్యోగంలోనో ఆసుపత్రిలోనో వివక్ష ఎదురైతే తేదీతో సహా రాసి పెట్టుకుని, అక్కడి ఫిర్యాదుల అధికారికి, ఆపైన ఇలాంటి ఫిర్యాదులను విచారించే రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 100 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థల్లో, 20 మంది లేదా అంతకు మించి ఉన్న వైద్య సంస్థల్లో అటువంటి అధికారి ఉండాలని అదే చట్టం చెబుతోంది. సందేహాలకు ఎయిడ్స్ సహాయవాణి 1097, బతకాలనిపించని రాత్రుల్లో మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.